మూగ ముక్కలు

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెద్దవాళ్ళు కత్తెర గారంటారు, చిన్నవాళ్ళు కత్తెరన్నా అంటారు, కరెంటు బిల్లు తెచ్చే మనిషయితే "కత్తెరా, బిల్లు" అని తలుపు సందులో కాగితం దూర్చేసి తన దారిన తను పోతాడు. అతను బట్టలు కుట్టడు, జుట్టు కత్తిరించడు. వీడియోలు కత్తిరిస్తాడు. ఎంత పెద్ద వీడియో తెచ్చినా ముక్కలు చేసి, కుదించి, డిస్కులో పట్టించి ఇస్తాడు. ఇంకా ఈ డిస్కులేమిటండీ అని నవ్వినవాళ్ళకి ఒకటే జవాబు చెప్పేవాడు. "మీ ఫోను నీళ్ళలో పడ్డ రోజున రండి, అప్పుడు మాట్లాడుకుందాం."

దుకాణమంటే ముందు గది, వెనక గది. ముందు గదిలో బల్ల దగ్గర అతని భార్య కూర్చుంటుంది. సరుకు తీసుకుని చీటీ రాసేదీ, తయారైన డిస్కుల మీద నల్ల మార్కరుతో గుండ్రటి అక్షరాలు పెట్టేదీ ఆవిడే. వెనక గది కత్తెర రాజ్యం. రెండు తెరలు, మూడు కంప్యూటర్లు, ఎటు తిప్పినా అతని వైపు తప్ప అన్ని వైపులకీ గాలి విసిరే ఒక ఫ్యాను.

అతని పనిలో తిరకాసంతా డిస్కు దగ్గరే ఉంది. పైన నాలుగు పాయింట్ ఏడు జీబీ అని అచ్చేసి ఉంటుంది. కొత్తవాళ్ళు అది నమ్మి బోల్తా పడతారు. కంప్యూటరు లెక్కలో పట్టేది నాలుగు పాయింట్ మూడే. అంతకు మించితే రెండు దారులున్నాయి. వీడియోని ముక్కలు చేసి నాలుగైదు డిస్కుల్లో పంచాలి, లేదా నొక్కాలి. మరీ నొక్కితే బొమ్మ చెడుతుంది, మనుషుల మొహాలు ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తాయి. ఊళ్ళో మిగతావాళ్ళంతా ఈ రెండు దారుల్లోనే కొట్టుకుంటుంటే కత్తెర మూడో దారి కనిపెట్టాడు. దానికి పేరు కూడా అతనే పెట్టాడు. మూగ ముక్కలు తియ్యడం.

"ఏ వీడియో అయినా తీసుకోండి, సగం మూగ ముక్కలే," అనేవాడు. ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి నీళ్ళు తాగుతాడు, కాగితాలు తిరగేస్తాడు, మైకుని రెండుసార్లు తట్టి ఎటో చూస్తాడు. అవన్నీ ఎందుకు? కంప్యూటరులో శబ్దం ఒక గీతలాగా కనిపిస్తుంది. మాట ఉన్నచోట గీత లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. పడుకున్నచోటల్లా కోసెయ్యమని చెబితే సాఫ్ట్‌వేరే కోసుకుంటూ పోతుంది. మాట తెగకుండా అటు అర సెకను, ఇటు అర సెకను వదులుతుంది. మూడు గంటల ఉపన్యాసం గంటన్నరకి దిగుతుంది, బొమ్మ మాత్రం అద్దంలా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఏ పెద్దమనిషీ వచ్చి నేను నీళ్ళు తాగిన ముక్క ఏదయ్యా అని అడగలేదు.

మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆ షాపు నాలుగు వీధుల అవతల ఉంది, దగ్గు మందు కోసం వెళ్ళినప్పుడు ఆమెని కత్తెర చూశాడు గానీ పలకరింపు దాకా పోలేదు. ఆమె చేతిసంచీలోంచి ఒక హార్డ్ డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. ఆ సమయానికి కత్తెర ముందు గదిలోనే ఉన్నాడు.

"అన్నా, ఇందులో మా అమ్మ మాట్లాడిన వీడియోలున్నాయి. డిస్కుల్లోకి ఎక్కించాలి."

"ఎన్నుంటాయమ్మా?"

"నలభై మూడు. ఎంతసేపున్నాయో తెలీదు, నేను చూళ్ళేదు. అవి మా పెద్దమ్మకి. ఆవిడ దగ్గర టీవీ, పాత డిస్కు ప్లేయరూ తప్ప ఏమీ లేవు. ఎంత తక్కువ డిస్కులైతే అంత మంచిది, ఊరికే లేచి మార్చుకోవడం ఆవిడకి చిరాకు."

"అమ్మగారు ఇక్కడే ఉంటారా?"

"పోయింది. నెల దాటింది."

కత్తెర అయ్యో అన్నాడు. ఆ అమ్మాయి ఆ అయ్యోని పక్కకి నెట్టినట్టు తల తిప్పి, మిగతాది గబగబా చెప్పేసింది. ఈ హార్డ్ డిస్కు మా ఓనరు గారిది. షాపులో కెమెరాలకి కావాలంటున్నారు. పని కాగానే లోపలివన్నీ తుడిచేసి ఇవ్వండి.

"ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?" అని కత్తెర భార్య చీటీ రాస్తూ అడిగింది.

"ఎందుకక్కా, డిస్కుల్లో ఉంటాయిగా."

ఆ మాటకి కత్తెర లోలోపల పొంగిపోయాడు. డిస్కుని నమ్మే మనిషి ఇన్నాళ్ళకి ఒకరు కనిపించారు. "నువ్వు నిశ్చింతగా వెళ్ళమ్మా, నాకొదిలెయ్," అన్నాడు.

నలభై మూడు వీడియోలూ కలిపి ఆరు గంటల పైచిలుకు. మొదటిది తెరిచాడు. యాభై దాటిన ఆవిడ, జుట్టు బిగించి ముడి వేసుకుంది. వెనక గోడకి ఒక కిటికీ, కిటికీలో ఎండ. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను సరిగ్గా నిలబడిందో లేదో చూసుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. కత్తెర అంతవరకే చూశాడు. వీడియోలు కూర్చుని చూస్తే పని సాగదు. అతను చూసేది గీతని. ఆ గీత పడుకునే ఉంది. అక్కడక్కడా లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది.

"ఈవిడెవరో మాట కంటే ఆలోచన ఎక్కువున్న మనిషి," అని భార్యతో అని నవ్వాడు. "ఆరు గంటలు నొక్కి ఇస్తే మొహం ఏం కనిపిస్తుంది? పోయిన మనిషి మొహం అది. మూగ ముక్కలు తీసేస్తే మిగిలిందాన్ని నొక్కనక్కర్లేదు, ఉన్నదున్నట్టు వస్తుంది."

ఇది గర్వమే గానీ అందులో దయ కూడా ఉంది. ఆ సంగతి అతని తరఫున చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత తనకి తను చెప్పుకోలేకపోయాడు.

సాఫ్ట్‌వేరు కోసుకుంటూ పోయింది. ఆరు గంటల వీడియో పన్నెండు నిమిషాలకి దిగింది. ఒక్క డిస్కు. కత్తెర చరిత్రలో అంత కోత ఎప్పుడూ పడలేదు. ఎప్పటిలాగే మొదటి నిమిషం, చివరి నిమిషం చూసి, బొమ్మ బాగుందని తల ఊపాడు.

పక్క తెరలో డిస్కు తయారవుతుంటే భార్య టీ ఇవ్వడానికి వచ్చి నిలబడింది. "ఏమండీ, ఈవిడ మాట్లాడిందేదీ? నాకు కుర్చీ చప్పుడు, కుక్క అరుపు తప్ప ఏమీ వినబడటం లేదే."

"గొంతు చిన్నదయ్యుంటుంది. మైకుకి అందలేదు," అన్నాడు కత్తెర. టీ తాగాడు. ఆవిడ మాట చెవిన పెట్టలేదు.

డిస్కు మీద భార్య గుండ్రంగా "అమ్మ, పెద్దమ్మ కోసం" అని రాసింది. కత్తెర హార్డ్ డిస్కుని శుభ్రంగా తుడిచాడు. తన కంప్యూటరులో పెట్టుకున్న కాపీని కూడా తీసేశాడు, ఎందుకంటే మూడు కెమెరాలతో తీసిన ఒక బడి వార్షికోత్సవం ఆ సాయంత్రమే దిగింది, దానికి చోటు కావాలి. మందుల షాపు అమ్మాయి వచ్చి తీసుకుంది. ఒక్క డిస్కేనా అని సంతోషపడింది. కత్తెర ఆ రోజంతా ఈల వేస్తూ పనిచేశాడు.

ఐదో రోజున ఆమె మళ్ళీ వచ్చింది. కంప్లయింటుకి వచ్చేవాళ్ళ నడక కత్తెరకి తెలుసు, గుమ్మం దగ్గరే గొంతు లేస్తుంది. ఈమె నెమ్మదిగా వచ్చి, బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, డిస్కుని రెండు చేతుల్తో పట్టుకుంది.

"అన్నా, ఒకటి అడుగుతాను, ఉన్నది చెప్పు. మా అమ్మ ఇందులో నిజంగా ఏమీ మాట్లాడలేదా?"

"అంటే?"

"ఆదివారం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం కూర్చుని చూశాం. అమ్మ వస్తుంది, కుర్చీలో కూర్చుంటుంది, చేతులు ఎత్తుతుంది. అంతే. మరుక్షణం చేతులు దించేసి లేచిపోతుంది. మళ్ళీ వస్తుంది, ఎత్తుతుంది, దించేస్తుంది. నలభై మూడుసార్లు. మధ్యలో ఒకటీ అరా ముక్కలు, అటూ ఇటూ కానివి."

"చేతులు ఎత్తడమేంటమ్మా?"

ఆమె అతన్ని వింతగా చూసింది. "మాట్లాడటానికి. మా అమ్మకి పుట్టుకతో వినపడదు, మాట రాదు. పెద్దమ్మకీ అంతే. మేం చేతుల్తోనే మాట్లాడుకుంటాం. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మా అమ్మ మాట్లాడిన వీడియోలు అంది. ఆమె ఇంట్లో మాట్లాడటమంటే అదే, ఇంకో మాట ఎందుకుంటుంది? కత్తెరకి ఆ పడుకున్న గీత కళ్ళ ముందు కదిలింది. అటు అర సెకను, ఇటు అర సెకను. చేతులు ఎత్తడం ఒక అర సెకను, దించడం ఒక అర సెకను. ఆ మధ్యన ఉన్నదంతా తన భాషలో మూగ ముక్క.

ఆ అమ్మాయి మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోతోంది. అమ్మకీ పెద్దమ్మకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. నన్ను చదివించడానికి పెద్దమ్మ తన దగ్గరికి తీసుకుపోతానంటే, నీకు పిల్లల్లేరు గనక నా పిల్ల కావాల్సొచ్చిందా అని అమ్మ అనేసింది. చేతుల్తో అన్న మాట వెనక్కి తీసుకోవడం ఇంకా కష్టం అన్నా, చూసిన కళ్ళు మర్చిపోవు. కిందటేడు అమ్మకి జబ్బు బయటపడ్డాక పాత ఫోను అడిగి తీసుకుని, నేను డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా దాని ముందు కూర్చునేది. నువ్వు చూడకు, ఇవి అక్కకి చెప్పేవి అంది. నేను చూళ్ళేదు. ఫోను నిండినప్పుడల్లా హార్డ్ డిస్కులోకి మార్చి పెట్టాను, అంతే.

"డిస్కు అయిపోయాక పెద్దమ్మ ఏమందో తెలుసా? నాతో మాట్లాడాలని నలభై మూడుసార్లు కూర్చుంది, మనసొప్పక నలభై మూడుసార్లు లేచిపోయింది అంది. ఆ తర్వాత ఇంక నాతో కూడా ఏమీ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది." ఆమె డిస్కుని బల్ల మీద పెట్టింది. "అందుకే అడుగుతున్నాను. ఉన్నది ఇంతేనా? లేకపోతే ఎక్కించడంలో ఏమైనా పోయిందా?"

కత్తెర భార్య మార్కరు మూత పెట్టడం ఆపేసి భర్త వైపు చూసింది.

ఒరిజినల్ ఎక్కడా లేదు. హార్డ్ డిస్కు మీద మందుల షాపు కెమెరాలు రోజూ కొత్తగా రాస్తూనే ఉన్నాయి. అడిగేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు. కత్తెర డిస్కుని బల్ల మీద ఒక పక్కకి జరిపాడు.

"ఉన్నదే ఎక్కించానమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది. డిస్కు అక్కడే వదిలేసి లేచింది. "ఇది నువ్వే ఉంచుకో అన్నా. పెద్దమ్మ వద్దంది, నాకూ వద్దు." నడక వచ్చినప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

ఆ మధ్యాహ్నం భార్య అన్నం వడ్డించింది గానీ ఎదురుగా కూర్చోలేదు. వంటగదిలో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడయ్యాయి. కత్తెర అన్నం కలిపి వదిలేశాడు.

"తెలియక చేశాను," అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

"తెలియక చేసిన దాన్ని నేనేమీ అనడం లేదు," అంది ఆవిడ లోపల్నుంచి. "తెలిశాక ఆ పిల్ల మొహం మీద చెప్పిన మాట ఉంది చూశారూ, అది నాకు మింగుడు పడటం లేదు. చచ్చిపోయినావిడ మీదకి నెట్టేశారు. ఆవిడ నోరు తెరిచి కాదనలేదనేగా?"

అని, తనన్న మాటకి తనే నాలుక కరుచుకుంది. పోయినావిడ ఎప్పుడు నోరు తెరిచింది గనక.

కత్తెర చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తుడిచేసిన ఫైలు వెంటనే పోదు. కంప్యూటరు దాని పేరు మాత్రం కొట్టేస్తుంది. ఆ చోటులో ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. కూర్చున్నది బడి వార్షికోత్సవం. నలభై జీబీల పైన, మూడు కెమెరాలు, పిల్లలందరూ ఒకటే పాట. అది కూర్చోగా ఏమైనా మిగిలిందా అన్నదే ఇక చూడాలి. ఆ కంప్యూటరుని మిగతావాటి నుంచి విడదీశాడు. కొత్త పనులు తీసుకోవడం లేదని భార్యతో తలుపుకి కాగితం అంటింపించాడు. బడి గుమాస్తా ఫోను చేసి కోప్పడితే, కోప్పడనిచ్చాడు.

మూడు రోజులు వెతికాడు. పోయినవి వెతికే సాఫ్ట్‌వేరు ముక్కలు తెచ్చి పడేస్తుంటే ఒక్కొక్కటీ తెరిచి చూసేవాడు. చాలావాటిలో ఆకుపచ్చ గళ్ళు తప్ప ఏమీ ఉండవు. కొన్నింట్లో వార్షికోత్సవం పిల్లల కాళ్ళ మధ్య నుంచి కిటికీలో ఎండ ఒక క్షణం మెరిసి పోతుంది. కొన్నింట్లో ఆవిడ ఉంటుంది. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారిగా కత్తెర స్పీకర్లు ఆపేసి, గీతని దాచేసి, బొమ్మని చూశాడు.

ఆవిడ మాట్లాడుతోంది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మాట్లాడుతోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. వేళ్ళు తొందరపడతాయి, మధ్యలో ఆగుతాయి, చెప్పింది నచ్చక గాలిలోనే కొట్టేసి మళ్ళీ మొదలుపెడతాయి. ఒకచోట ఆవిడ నవ్వుతుంది, భుజాలు కదిలేలా నవ్వుతుంది, ఏదో పాత జ్ఞాపకం అయ్యుంటుంది. ఒకచోట రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని చాలాసేపు తియ్యదు. వీటిలో దేనికీ చప్పుడు లేదు. ఇంత వాగుడుకాయని పట్టుకుని మాట కంటే ఆలోచన ఎక్కువని నవ్వాను అనుకున్నాడు కత్తెర. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

ఆరు గంటల్లో మిగిలింది తొమ్మిది నిమిషాలు, ముప్పై ఒక్క ముక్కలుగా.

నాలుగో రోజు పొద్దున్నే మందుల షాపుకి వెళ్ళాడు. ఆ అమ్మాయి అలమరలో సీసాలు సర్దుతోంది. అతన్ని చూసి, "ఏం కావాలన్నా, దగ్గా?" అంది.

"కాదమ్మా. నేను నీకు అబద్ధం చెప్పాను."

నిలబడి మొత్తం చెప్పాడు. గీత, కోత, అర సెకను, వార్షికోత్సవం, ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో సీసా అలాగే ఉంది. మధ్యలో ఎవరో ముసలాయన వచ్చి కళ్ళలో వేసుకునే చుక్కల మందు అడిగితే తీసి ఇచ్చి, రోజుకి రెండుసార్లని రెండు వేళ్ళు చూపించి చెప్పి పంపింది. తర్వాత వచ్చి మళ్ళీ అతని ఎదురుగా నిలబడింది.

"వారం రోజుల్నుంచి మా అమ్మ మీద కోపంగా ఉన్నానన్నా," అంది. "పోయిన మనిషి మీద. ఫొటో కూడా బోర్లించేశాను."

చేతిలో సీసాని అలమరలో పెట్టి ఇటు తిరిగింది.

"నాతో చెప్పావు, సరే. చెప్పాల్సింది నాక్కాదు," అంది ఆమె. "రేపు నాకు సెలవు. నువ్వూ రావాలి. పెద్దమ్మకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను."

"నాకు మీ భాష రాదు కదమ్మా."

"అది నీ తిప్పలు."

బస్సులో మూడు గంటలు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ ఆమె కిటికీ వైపే చూస్తూ ఉంది. సగం దారిలో ఉన్నట్టుండి ఒక్కటి చెప్పింది. చిన్నప్పుడు పడి పెద్దమ్మ ఎడమ కనుబొమ చీలిందట, అక్కడ ఇప్పటికీ వెంట్రుకలు మొలవవు. అందుకని అమ్మ భాషలో పెద్దమ్మ పేరు, కనుబొమ మీద వేలితో గియ్యడం. గొడవయ్యాక ఆరేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా అలా గియ్యలేదు. ఆవిడ గురించి చెప్పాలంటే తలుపు వైపు చూపించి ఊరుకునేది.

కత్తెర ఒళ్ళో సంచీలో ఏడు డిస్కులున్నాయి. తొమ్మిది నిమిషాలకి ఏడు డిస్కులు. ఒక్క ముక్కని కూడా నొక్కలేదు. అంత చోటు అక్కర్లేదని అతనికి తెలుసు. అయినా అన్నీ ఒక్క డిస్కులో కుక్కడానికి చెయ్యి రాలేదు.

పెద్దమ్మ రిజిస్టర్లు, లెడ్జర్లు కుట్టే బైండింగు షాపులో పనిచేస్తుంది, దాని పైనున్న గదిలోనే ఉంటుంది. వాళ్ళు వెళ్ళేసరికి కింద కాగితాల దొంతరల మధ్య కూర్చుని పెద్ద సూదితో కుడుతోంది. వేళ్ళకి ఎండిపోయిన జిగురు. పొడుగాటి మనిషి, చీలిన కనుబొమ దూరం నుంచే కనిపించింది. చెల్లెలి కూతుర్ని చూసి దారం పంటితో తెంపి లేచింది. కత్తెర ఎవరని కళ్ళతోనే అడిగింది. ఆ అమ్మాయి గుండ్రంగా డిస్కు గీసి చూపించింది. పెద్దమ్మ మొహం మూసుకుపోయింది. వద్దని చెయ్యి విదిలించి మళ్ళీ కూర్చోబోయింది. ఆ అమ్మాయి ఆవిడ మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

పై గదిలో ఒక మంచం, టీవీ, ప్లేయరు. కత్తెర మొదటి డిస్కు పెట్టాడు.

కిటికీలో ఎండ. ఆవిడ చేతులు గాలిలో ఉన్నాయి. ఈసారి దిగలేదు. నాలుగు సెకన్లు ఏదో చెప్పాయి, ఆకుపచ్చ గళ్ళలో మునిగిపోయాయి. పెద్దమ్మ మంచం అంచుకి జరిగింది. రెండో ముక్క, మూడో ముక్క. ప్రతిదీ మధ్యలో మొదలై మధ్యలో ఆగిపోతుంది. డిస్కు మార్చడానికి కత్తెర లేచినప్పుడల్లా ఆవిడ అతని చేతుల్నే చూసింది.

నాలుగో డిస్కులో ఒక ముక్క ఉంది. పదకొండు సెకన్లు. చెల్లెలు ఫోను వైపు కాసేపు ఊరికే చూసింది. తర్వాత వేలు ఎత్తి, తన ఎడమ కనుబొమ మీద నెమ్మదిగా గీసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తర్వాత రెండు పిడికిళ్ళూ నుదుటికి ఆనించి, ముందుకు తెచ్చి, విప్పింది. విప్పిన చేతులు ఇంకా ఏదో చెప్పబోతుండగా బొమ్మ పగిలిపోయింది.

"ఆ పిడికిళ్ళేంటో నాకు తెలీదు," అంది ఆ అమ్మాయి మెల్లగా. "అది వాళ్ళిద్దరిదీ. చిన్నప్పటిది."

పెద్దమ్మకి తెలుసు. ఆవిడ రెండు పిడికిళ్ళూ నుదుటి దాకా తీసుకెళ్ళి, అక్కడే ఉంచేసింది, విప్పలేదు. చాలాసేపటికి దించి, చెల్లెలి కూతురి వైపు తిరిగి ఏదో అడిగింది. వేళ్ళు కోపంగా కదిలాయి.

"మళ్ళీ ఎందుకు ఆపేసిందని అడుగుతోంది," అంది ఆ అమ్మాయి. తను జవాబు చెప్పలేదు. కత్తెర వైపు చూసింది.

కత్తెర లేచి టీవీ పక్కన నిలబడ్డాడు. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి, ఉన్నా పనికిరావు. తెర మీద ఆగిపోయిన ఆ చేతుల్ని చూపించాడు. ఆపలేదని తల అడ్డంగా ఊపాడు, గట్టిగా. చెల్లెలు మాట్లాడుతూనే ఉందని తన చేతులు రెండూ పిచ్చివాడిలా గాలిలో ఆడించాడు. అప్పుడు కుడిచేతి రెండు వేళ్ళు చాచి, కత్తెరలాగా తెరిచి మూసి, ఆ ఆడుతున్న చేతిని ఆ రెండు వేళ్ళతో కోశాడు. మళ్ళీ కోశాడు. చివరికి ఆ రెండు వేళ్ళనీ తన గుండెల మీద పెట్టుకున్నాడు.

అది అతని పేరు కూడా. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

పెద్దమ్మ తెర వైపు చూసింది, అతని వైపు చూసింది. ఆవిడ మొహంలో ముందు ఏదో వదులైంది, ఆ వెంటనే ఇంకేదో మండింది, రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. లేచి దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని కత్తెర కళ్ళు మూసుకున్నాడు, కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆవిడ కొట్టలేదు. అతని గుండెల మీదున్న ఆ రెండు వేళ్ళనీ జిగురంటిన తన పిడికిట్లోకి తీసుకుని, ఒకదాని మీదకి ఒకటి వంచి, మూసేసింది. సూది లాగి లాగి రాటుదేలిన చెయ్యి అది. ఎముకలు కలుక్కుమన్నాయి. కత్తెర వెనక్కి లాక్కోలేదు.

ఆ పట్టు వదలకుండానే ఆవిడ రెండో చేత్తో ప్లేయరు వైపు చూపించి, మళ్ళీ పెట్టమంది. కత్తెర ఎడమచేత్తో మీట నొక్కాడు. కిటికీలో ఎండ వచ్చింది. చెల్లెలు వేలు ఎత్తి అక్క పేరు చెప్పింది.